ఆర్మూరు బడులు - మెట్లు దిగిన మాధ్యమం

ఒక ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలను పోల్చడం ఇవాళ చాలా సులువైన పనిగా కనిపిస్తుంది. ఏ బడిలో ఎంతమంది పిల్లలున్నారు, ఎంతమంది సార్లున్నారు, మాధ్యమమేది అని మూడు గడులు గీసి అంకెలు నింపితే చాలునన్నది అధికారుల పద్ధతి. పిల్లవాణ్ణి ఎక్కడ వెయ్యాలా అని తర్కించుకునే తల్లిదండ్రుల పద్ధతి కూడా ఇంచుమించు అదే. ఈ పోలికలో అబద్ధమేమీ లేదు. కాని ఈ పోలిక బడులన్నిటినీ ఒకే రోజున, ఒకే చోట నుంచి బయలుదేరిన పరుగుపందెగాళ్లుగా భావిస్తుంది. వాస్తవంలో ఒక్కొక్క బడి ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క పాలనలో, ఒక్కొక్క వర్గం అవసరం కోసం పుట్టింది. ఆ పుట్టుక గుర్తులు ఇప్పటికీ బడి పేరులోనే ఉన్నాయి. ఆర్మూరును తీసుకుని ఈ విషయం పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆర్మూరు నిజామాబాదు జిల్లాలో హైదరాబాదు - నాగపూరు రహదారీ, నిజామాబాదు నుంచి మెట్‌పల్లి, జగిత్యాల వైపు పోయే రోడ్డూ కలుసుకునే చోట ఉంది. వెనక సిద్ధులగుట్ట, చుట్టూ పసుపు, ఎర్రజొన్న, మక్క చేలు. నిజాం కాలంలో తాలూకా కేంద్రం. పసుపు వ్యాపారం వల్ల పెరిగిన ఊరు గనక వ్యాపారులున్నారు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసే కూలీలున్నారు. ఇళ్లల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. గల్ఫుకు పోయినవాళ్ల కుటుంబాలున్నాయి. ఊరు పెరిగి పెర్కిట్, మామిడిపల్లి వంటి పక్క ఊళ్లతో కలిసిపోయింది. ఇలాంటి చోట బడి బోర్డులు చదువుతూ నడిస్తే ఒక బడి మీద 'ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల' అనీ, ఇంకొక దాని మీద 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అనీ, మరొక చోట కింద చిన్న అక్షరాల్లో 'ఉర్దూ మాధ్యమం' అనీ కనిపిస్తాయి. చదివేవాడికి ఇవన్నీ 'సర్కారు బడి' అనే ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఆ ఒక్క మాట వెనక మూడు నాలుగు చరిత్రలున్నాయి.

హైదరాబాదు రాజ్యంలో 1880లలో పారశీకం స్థానంలో ఉర్దూ పాలనా భాష అయింది. కచేరీకి గుమాస్తాలు కావాలి, రెవెన్యూకు పేష్కారులు కావాలి, ఠాణాకు రాతకోతలు తెలిసినవాళ్లు కావాలి. తాలూకా కేంద్రంలో సర్కారు మదర్సా ముందుగా తీర్చిన అవసరం అది. ఆ వ్యవస్థలో బడులకు పెట్టిన పేర్లే దాని స్వభావాన్ని చెబుతాయి: తహతానియా, వస్తానియా, ఫౌఖానియా. కింది బడి, నడిమి బడి, పై బడి అని అర్థం. అవి మెట్లు. పై మెట్టు ఎక్కదలిస్తే కింది మెట్టు మీదే ఉర్దూ పట్టుకోవాలి. ఎందుకంటే 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే చదువు చెప్పేది. భారతీయ భాషలో విశ్వవిద్యాలయ విద్య సాధ్యమేనని నిరూపించిన గొప్ప ప్రయోగమది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. వైద్యం, ఇంజనీరింగు దాకా ఒక దేశభాషలో బోధించినవాళ్లు ఆ రోజుల్లో మరొకరు లేరు. అయితే ఆ దేశభాష రాజ్యంలోని అత్యధిక సంఖ్యాకుల మాతృభాష కాదు. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే జనం ఇళ్లల్లో ఒక భాషా, బడిలో మరొక భాషా మాట్లాడవలసి వచ్చింది. తొలి తరగతుల్లో మాతృభాషకు కాగితం మీద చోటున్నా, పై మెట్టున అది పనికిరానప్పుడు కింది మెట్టున దానికి దక్కే గౌరవమెంత?

ప్రాథమిక విద్యను 1921లో రాజ్యమంతటా ఉచితం చేశారు. ఫీజు లేని బడి అందరిదీ అవుతుందనుకోవడం అమాయకత్వం. కూలివాడి బిడ్డకు బడి ఖర్చంటే ఫీజు ఒక్కటే కాదు, ఆ బిడ్డ తేవలసిన కూలి కూడా. పైగా, తల్లికీ తండ్రికీ అర్థం కాని భాషలో చెప్పే చదువు ఉచితంగా దొరికినా ఎంతమంది పుచ్చుకుంటారు? 1951 జనాభా లెక్కల నాటికి హైదరాబాదు రాష్ట్రంలో చదవను, రాయను వచ్చినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు.

సర్కారు మదర్సాకు పక్కనే, దాని నీడలో, మరొక బడి బతికింది. అది ఖాన్గీ బడి. గుడి మండపంలోనో, షావుకారి అరుగు మీదనో పంతులు ఒకరు కూచుని ఇసుకలో అక్షరాలు దిద్దించడం, ఎక్కాలు వల్లె వేయించడం, పెద్దబాలశిక్ష చదివించడం. జీతం చాలాచోట్ల గింజల రూపంలోనే. ఇది ఏదో ప్రజాస్వామిక విద్యాలయమని పొగడవలసిన పని లేదు. ఆ అరుగెక్కగలిగినవాళ్లు ఎవరో మనకు తెలుసు. మాల మాదిగ వాడల పిల్లలకు అక్కడ చోటు లేదు. భాగ్యరెడ్డివర్మ 1910లో హైదరాబాదులో వేరే బడి పెట్టవలసి వచ్చిన కారణం అదే. ఆ పని ఒకటితో ఆగక ఆదిహిందూ పాఠశాలల వరసగా పెరిగింది. పసుపు ఊళ్లల్లో షావుకారికి కావలసింది ఖాతా పుస్తకం రాయగల కొడుకు. ఖాన్గీ బడి వాడికి చాలు. తూకం, వడ్డీ, ఎక్కం. ఇంతకు మించిన తెలుగు చదువు ఆ బడికి అక్కరలేదు.

అయినా ఈ ఖాన్గీ బడి సర్కారు కంట్లో పడింది. 1920లలో వచ్చిన నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా ప్రైవేటు బడి నడపగూడదు. సభలు పెట్టుకోవడానికి గస్తీ నిషాన్ తిర్పన్ అడ్డం. బడి పెట్టుకోవడానికి ఈ నిబంధనలు అడ్డం. అనుమతి దరఖాస్తులు కచేరీల్లో మూలిగాయి, బడులు మూతపడ్డాయి. ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైనప్పటి నుంచి మాతృభాషలో ప్రాథమిక విద్య, ఖాన్గీ బడుల నిబంధనల తొలగింపు పదేపదే తీర్మానాలకెక్కడానికి కారణం ఇది. ఆ సభ ఆరవ సమావేశం 1937లో మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది నిజామాబాదులోనే. ఆడపిల్లల విషయం మరీ విచిత్రం. 1928లో మాడపాటి హనుమంతరావు పూనికతో హైదరాబాదు నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల ఏర్పడితే దానికి సొంత రాజ్యంలో గుర్తింపు దొరకలేదు. పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం పెట్టుకుని అక్కడి పరీక్షలకు పిల్లల్ని పంపవలసి వచ్చింది. రాజధానిలో, పలుకుబడి గల వకీళ్లు నడిపిన బడికే ఆ గతి పడితే తాలూకా కేంద్రంలో ఒక తెలుగు పంతులు ఎవరి కాళ్లు పట్టుకోవాలి?

సాహిత్య విద్యార్థులు ఇక్కడొక విషయం గమనించాలి. ఉర్దూ బడి తెలుగు రచయితను చంపలేదు. కొందరి విషయంలో వాళ్లను రెండు భాషల వాళ్లుగా తయారు చేసింది. నిజామాబాదు ఖిల్లా జైలు గోడల మీద బొగ్గుతో నిజాముకు ఎదురుగా తెలుగు పద్యాలు రాసిన దాశరథే తర్వాత గాలిబును తెలుగులోకి తెచ్చాడు. అదే జైల్లో ఆయనతో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి బడిలో కన్నా ఒక ఉపాధ్యాయుని ఇంట వంటపని చేస్తూ ఎక్కువ నేర్చుకున్నవాడు. 'దేశోద్ధారక గ్రంథమాల' పెట్టి పుస్తకాలు భుజాన మోసుకుని అమ్మినవాడు. ఒకరు బడి ఇచ్చిన పరభాషను ప్రేమించినవారు, ఇంకొకరు బడి బయట అక్షరాన్ని సంపాదించినవారు. ఇద్దరూ ఒకే గోడల మధ్య ఖైదీలు. ఉర్దూ భాషకూ, ఉర్దూను అధికార సాధనంగా వాడిన పాలనకూ మధ్య తేడా వీళ్లకు స్పష్టంగా తెలుసు. తర్వాతి తరం విమర్శకుల్లో కొందరికి ఆ స్పష్టత లేకపోయింది.

1948 సెప్టెంబరులో రాజ్యం పోయింది. తెలుగు బడిలోకి వచ్చింది. ఇది మామూలు మార్పు కాదు. ఒక తరం పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషకు దగ్గరి భాషలో మొదటిసారి సర్కారు పుస్తకం తెరిచారు. 'దగ్గరి భాష' అని ఎందుకంటున్నానంటే 1956 తర్వాత వచ్చిన వాచకాల్లోని తెలుగు ఆర్మూరు పిల్లవాడి తెలుగు కాదు. వాడు మక్కలు అంటే పుస్తకం మొక్కజొన్న అంది. ఇంట్లో ఏ మాట మాట్లాడినా తప్పేనని చెప్పే బడి ఒకటి పోయి, ఇంట్లో మాట్లాడే మాటల్లో సగం తప్పని చెప్పే బడి వచ్చింది. బడి నేర్పే పలుకుకూ జనం పలుకుకూ మధ్య ఈ ఎడాన్ని కాళోజీ జీవితాంతం ప్రశ్నించాడు.

ఇదే మలుపులో ఉర్దూ మాధ్యమానికి ఏమైందో చాలామంది రాయలేదు. ఉస్మానియాలో ఉర్దూ బోధన ముగిసి ఇంగ్లీషు వచ్చింది. అంటే ఫౌఖానియా పైన ఉన్న మెట్టు విరిగిపోయింది. చదువుకున్న, ఉద్యోగాలున్న ముస్లిం కుటుంబాలలో కొన్ని వలస పోయాయి, కొన్ని పిల్లల్ని ఇంగ్లీషుకు మార్చుకున్నాయి. ఉర్దూ తహతానియాలో మిగిలిందెవరు? బండి తోలేవాడి పిల్లలు, కసాయి పిల్లలు, బీడీలు చుట్టే తల్లి పిల్లలు. నిన్నటిదాకా పేష్కారు కొడుకు చదివిన భాష ఒక్క తరంలో ఊళ్లోని అతి పేదవాళ్ల బడి భాష అయింది. భాష మారలేదు, పుస్తకం మారలేదు, కొన్నిచోట్ల కట్టడం కూడా మారలేదు. ఆ భాష వెనక ఉన్న అధికారం తప్పుకుంది, అంతే. ఆ తర్వాత దశాబ్దాల్లో ఉర్దూ మాధ్యమం టీచరు పోస్టులు నియామకాలు జరిగిన ప్రతిసారీ కొన్ని ఖాళీగా మిగిలిపోవడం పరిపాటి అయింది. రిజర్వుడు పోస్టుకు ఉర్దూలో చదివిన అభ్యర్థి దొరకడు, పోస్టును ఇతరులకు ఇవ్వరు. బడి ఉంటుంది, సారు ఉండడు.

1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. ప్రాథమిక పాఠశాల సమితి చేతికీ, ఉన్నత పాఠశాల జిల్లా పరిషత్తు చేతికీ వెళ్లాయి. కొన్ని బడులు నేరుగా ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయాయి. 1980ల నడుమ సమితులు పోయి మండలాలు వచ్చాయి, బోర్డు మీద 'సమితి' చెరిపి 'మండల పరిషత్' అని రాశారు. పట్నం పెరిగి పల్లెను కలుపుకున్న చోట ఈ రెండు రకాల బడులూ ఇరుగుపొరుగయ్యాయి. ఒకే పాఠ్యపుస్తకం, ఒకే పరీక్ష, సార్ల జీతం కూడా ఒక్కటే. కాని పదోన్నతి వేరు, బదిలీ వేరు, కప్పు కారితే అర్జీ పెట్టవలసిన ఆఫీసు వేరు. ఈ రెండు యాజమాన్యాల టీచర్లకు ఒకే సర్వీసు నిబంధనలు కావాలన్న వివాదం దశాబ్దాలు సాగి కోర్టులకెక్కింది. పిల్లవాడికి ఈ తేడా కనపడదు. కాని ప్రధానోపాధ్యాయుడి కుర్చీ ఏళ్ల తరబడి ఎందుకు ఖాళీగా ఉందో వాడికి ఎవరూ చెప్పరు.

సమితి బడి ప్రవేశంతో ఒక మంచి జరిగిందని ఒప్పుకోవాలి. అది వాడకట్టుకు దగ్గరైంది. మొదటిసారి దళితవాడ నుంచి, పద్మశాలి ఇళ్ల నుంచి, బీడీ కార్మికుల ఇళ్ల నుంచి పిల్లలు పెద్ద సంఖ్యలో పలక పట్టుకుని కూచున్నది ఈ బడిలోనే. 1971లో రాష్ట్రంలో కింది తరగతుల్లో తప్పించడం మానేసిన విధానం మీద ఎన్ని విమర్శలున్నా, మొదటి తరం చదువరిని మూడో తరగతిలోనే ఇంటికి పంపే ఆనవాయితీని అది కొంత ఆపింది.

ఆర్మూరు ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. పసుపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో వానలు పడగానే కొమ్ము నాటుతారు. సంక్రాంతి దాటాక తవ్వడం మొదలవుతుంది. ఉడకబెట్టడం, కల్లంలో ఆరబోయడం, కొమ్ములూ మండలూ వేరుచేయడం మార్చి, ఏప్రిల్ దాకా సాగుతుంది. బడి సంవత్సరమూ అదే: జూన్‌లో తెరిచి ఏప్రిల్‌లో మూస్తారు. నాట్లప్పుడు బడిలో పేరు రాయించుకునే రోజులు, తవ్వకాలప్పుడు పరీక్షలు. ఒక కూలి కుటుంబం ఏడాది ఆదాయంలో ముఖ్య భాగం సంపాదించుకునే నెలల్లోనే బడి తన లెక్క తేల్చుకుంటుంది. పసుపు రైతు పిల్లవాడు ఆ నెలల్లో బడికి పోగలడు, కూలీల కడుపున పుట్టిన పెద్దపిల్ల తమ్ముణ్ణి చూసుకుంటూ కల్లం దగ్గర ఉంటుంది. వరి, పసుపు, బీడీ పనుల మీద బతికే ప్రాంతానికి రాజధానిలో వేసిన క్యాలెండరు సరిపోదని ఏ పరిపాలకుడూ గంభీరంగా ఆలోచించినట్లు లేదు. ఈ ప్రాంతపు రైతులు పసుపు ధర కోసం 2019 పార్లమెంటు ఎన్నికల్లో 178 మంది నామినేషన్లు వేసి దేశం దృష్టిని తమవైపు తిప్పుకున్నారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదుకే వచ్చింది. పసుపుకు ఇంత పోరాట చరిత్ర ఉన్న చోట పసుపు కూలి పిల్లల బడి హాజరు మీద ఒక్క కథ రాకపోవడం మన లోపమే.

1980ల నుంచి కాన్వెంటు వచ్చింది. పసుపు మంచి ధర పలికిన ఏడు షావుకారి పిల్లలు పోయారు, తర్వాత రైతు పిల్లలు పోయారు, గల్ఫు నుంచి డబ్బు వచ్చాక కూలి పిల్లలు కూడా పోయారు. సర్కారు బడి మంచిదా, కాన్వెంటు మంచిదా అన్న పోలిక అప్పటి నుంచి ప్రతి ఇంటి చర్చ. ఈ పోలికలో దాగిన లెక్కను విప్పి చూడాలి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ నుంచి అమలైంది. దాని షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు, 200 దాకా అయిదుగురు. 150 దాటితేనే వేరుగా ప్రధానోపాధ్యాయుడు. చూడటానికి ముప్పై మందికొక సారు, ఎంతో న్యాయంగా ఉంది. కాని బడిలో తరగతులు అయిదు. యాభై మంది పిల్లలున్న బడిలో ఇద్దరు సార్లు అయిదు తరగతులు చెప్పాలి. ఒకరు ఏదో మీటింగుకో, ఎన్నికల పనికో పోతే అయిదూ ఒక్కరే. పక్కనున్న చిన్న కాన్వెంటులో టీచరుకు జీతం తక్కువ, చదువు కూడా తక్కువ కావచ్చు, కాని తరగతికొకరు నిలబడి ఉంటారు. తల్లి చూసేది అది. ఆమె చూపులో తప్పు లేదు. పిల్లలు తగ్గితే సారును తీసేస్తారు, సారును తీసేస్తే మరికొందరు పిల్లలు పోతారు. ఈ వలయాన్ని సృష్టించింది తల్లి కాదు, నిష్పత్తి. 'సర్కారు సార్లు పని చెయ్యరు' అనే మధ్యతరగతి మాటకు జవాబుగా ఈ లెక్క ఒక్కటి చాలదు గాని, ఈ లెక్క లేకుండా ఆ మాట అనడం మాత్రం అన్యాయం.

పైనుంచి ఇంకొక లాగుడు కూడా ఉంది. గురుకులాలు అయిదో తరగతి నుంచి పిల్లల్ని తీసుకుంటాయి. 2016 నుంచి మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మాధ్యమంలో వచ్చాయి. వాటివల్ల ఎందరో పేద పిల్లలకు అన్నం, మంచం, చదువు దొరికాయి, కాదనలేం. కాని అదే సమయంలో ఊళ్లోని ప్రాథమిక బడి తన అయిదో తరగతిలోని చురుకైన పిల్లల్ని ఏటా అప్పగిస్తూ వచ్చింది. ఉర్దూ బడికి ఈ దెబ్బ రెండింతలు.

2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ అదే పాఠం ఇంగ్లీషులో. ఆ ఏడాదే 'మన ఊరు - మన బడి' పేరుతో 26,065 బడుల మరమ్మతులకు 7,289 కోట్ల పథకం ప్రకటించి, తొలి దశలో 9,123 బడులను తీసుకున్నారు. ఇంగ్లీషు మాధ్యమం పేదవాడి కోరిక. కలవారి పిల్లలు ఇంగ్లీషులో చదువుతుంటే పేదవాడి పిల్లవాడికి మాతృభాష గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వడం మనకు శోభించదు. దళిత మేధావులు ఈ మాట సూటిగా అడిగారు, రచయితల దగ్గర దానికి సూటి జవాబు లేదు. అయితే ఎదుటి పేజీలో ఇంగ్లీషు అచ్చువేసినంత మాత్రాన దాన్ని చెప్పే శిక్షణ సారుకు రాదు. పైన చెప్పిన ఇద్దరు సార్లూ, అయిదు తరగతులూ ఇప్పుడు రెండు పేజీలు చెప్పాలి.

ఈ చరిత్రలో ఒక వరస కనిపిస్తున్నది. ఉర్దూ అధికార భాషగా ఉన్నంత కాలం ఉర్దూ బడి పై మెట్టు; అధికారం పోయాక అది పేదల బడి. తెలుగు పాలనా భాష అవుతుందన్న ఆశ ఉన్న 1950లు, 60లలో తెలుగు బడిలో తహసీల్దారు కొడుకూ కూలి కొడుకూ ఒకే చాప మీద కూచున్న సందర్భాలున్నాయి. ఆ ఆశ సడలాక తహసీల్దారు కొడుకు లేచిపోయాడు. తెలుగు మాధ్యమం ఇప్పుడు ఉర్దూ దిగిన మెట్లే దిగుతున్నది. రేపు ఇంగ్లీషు అన్ని సర్కారు బడుల భాష అయినప్పుడు, కలవారు మరొక గీత గీసుకుంటారు. ఇంటర్నేషనల్ అనే పేరుతో ఆ గీత నగరాల్లో ఇప్పటికే గీసి ఉంది. బడిని మాధ్యమంతో కొలిచేవాళ్లు మెట్టును చూస్తున్నారు, మెట్టు మీద ఎవరున్నారో చూడటం లేదు.

ఆర్మూరు పరిసర గ్రామాల్లో గ్రామాభివృద్ధి కమిటీలకున్న పట్టు అందరికీ తెలిసిందే. వాళ్ల బహిష్కరణ తీర్పుల మీద మనం రాయవలసింది చాలా ఉంది. ఆ కమిటీల్లోనే కొన్ని, ఊళ్లోకి ప్రైవేటు బడి బస్సు రాగూడదని తీర్మానించి సర్కారు బడిని నింపుకోవడం ఈ జిల్లాలో జరిగింది. ఒకే సంస్థలో పెత్తనమూ, ఉమ్మడి ఆస్తి మీద మమకారమూ కలిసి ఉన్నాయి. దీన్ని మెచ్చుకోవాలా, భయపడాలా అని తేల్చుకోవడం నవలాకారుడికి మంచి పరీక్ష.

ఈ పరిశీలన ముందుకు తీసుకుపోదలచిన విద్యార్థులకు ఒక సూచన. ప్రతి బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. పాత బడుల్లో దొరికే నిజాం కాలపు రికార్డులు ఉర్దూ లిపిలో, ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది. అంటే ఫసలీ 1357 మనకు 1947-48. ఉర్దూ చదవగల మిత్రుణ్ణి వెంట తీసుకుపోవాలి. పేరు, తండ్రి పేరు, తండ్రి చేసే పని, కులం, మాతృభాష గడులను దశాబ్దాల వారీగా పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ కులం పిల్లవాడు ఏ ఏట మొదటిసారి ఆ బడి గడప తొక్కాడో, షావుకారి ఇంటి పేర్లు ఏ ఏటి నుంచి కనబడకుండా పోయాయో తెలుస్తుంది. చివర 'బడి మానిన కారణం' అనే గడి ఉంటుంది. దాన్ని నెలలవారీగా చదవాలి, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా.